ఫ్యాన్ తిరుగుతుంది, తెర వెలగదు: డెస్క్‌టాప్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా?

"సిస్టమ్ ఆన్ కావట్లేదు" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఏ కంపెనీది, కొని ఎన్నేళ్లయింది అని అడగడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు. ఫ్యాన్ తిరుగుతోందా, తెర మీద ఏవైనా అక్షరాలు వస్తున్నాయా, విండోస్ గుర్తు దాకా వెళ్లి ఆగుతోందా? ఈ మూడింటికి జవాబు చెప్పించగలిగితే సగం పని అయిపోయినట్టే.

బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించే దాకా పని చాలా చేతులు మారుతుంది. ముందు ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి పనికొచ్చేలా మార్చే డబ్బా, కరెంటు సిద్ధం చేస్తుంది. అది సరేనన్నాక మదర్‌బోర్డు మీద ఉన్న బయోస్ అనే చిన్న ప్రోగ్రాం లేచి ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటుంది. తర్వాత హార్డ్ డిస్కులోనో ఎస్ఎస్‌డీలోనో ఉన్న చిన్న బూట్ ప్రోగ్రాంకి అప్పగిస్తుంది. అది విండోస్‌ని లేపుతుంది. ముందున్నది తన వంతు పూర్తి చేసి చేతికిస్తేనే తర్వాతది మొదలవుతుంది. కాబట్టి విండోస్ గుర్తు దాకా వచ్చిన సిస్టమ్‌కి పవర్ కేబుల్ మార్చి చూడటం దండగ. ఫ్యాన్ కూడా తిరగని సిస్టమ్‌కి విండోస్ మళ్లీ ఎక్కించాలనడం అంతకన్నా దండగ. కుళాయిలో నీళ్లు రాకపోతే ట్యాంకు చూస్తాం, మోటారు చూస్తాం. ముందే గోడ పగలగొట్టం కదా.

కంప్యూటర్ విషయానికి వచ్చేసరికి మాత్రం చాలామంది గోడ పగలగొట్టడంతోనే మొదలుపెడతారు. "ఫార్మాట్ కొట్టిస్తే పోతుంది" అనేది మన దగ్గర అన్ని జబ్బులకూ చెప్పే మందు. ర్యామ్ వదులైనందుకు ఫార్మాట్ కొట్టించుకుని, పిల్లల ఫొటోలు పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉంటాయి.

అసలు కదలికే లేకపోతే

బటన్ నొక్కితే లైటు లేదు, చప్పుడు లేదు. ఇలాంటప్పుడు సీపీయూ డబ్బా విప్పకముందే గోడ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అదే ప్లగ్గులో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. జంక్షన్ బాక్సులు, స్పైక్ బస్టర్లు తీసేసి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. యూపీఎస్ ఉంటే దాన్నీ పక్కన పెట్టండి. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్లకి దాని పని అయిపోతుంది. పైకి పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది కానీ సీపీయూ, మానిటర్ రెండూ ఒకేసారి లోడు తీసుకోగానే కుయ్యిమని ఆగిపోతుంది. సిస్టమ్ పాడైందనుకుంటాం, పాడైంది యూపీఎస్.

తర్వాత ఎస్ఎంపీఎస్ వెనక చిన్న స్విచ్ చూడండి. ఒకటి, సున్నా గుర్తులు ఉంటాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి అది ఆఫ్‌లో పడటం అనుకున్నంత అరుదు కాదు. బాగా పాతవాటిలో 115, 230 అని ఎర్ర స్విచ్ ఇంకొకటి ఉంటుంది. అది మన దేశంలో 230 మీదే ఉండాలి, దాన్ని సరదాకి కూడా కదపకూడదు.

ఇక్కడ అంతగా తెలియని సంగతి ఒకటుంది. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, మీరు బటన్ నొక్కకపోయినా ఎస్ఎంపీఎస్ మదర్‌బోర్డుకి 5 వోల్టులు సన్నగా ఇస్తూనే ఉంటుంది. దీన్ని స్టాండ్‌బై అంటారు. ఊదా రంగు వైరు అదే. ముందున్న బటన్ నిజానికి కరెంటు స్విచ్ కాదు. అది మదర్‌బోర్డుకి "లేవమంటున్నారు" అని చెప్పే చిన్న సైగ మాత్రమే. ఆ సైగ అందగానే మదర్‌బోర్డు పచ్చ వైరు ద్వారా ఎస్ఎంపీఎస్‌ని పూర్తిగా లేపుతుంది. అందుకే సీపీయూ పక్క డోరు తీసి చూసినప్పుడు మదర్‌బోర్డు మీద ఎక్కడైనా చిన్న లైటు వెలుగుతుంటే, స్టాండ్‌బై వస్తున్నట్టు. అప్పుడు అనుమానం బటన్ మీదకి మళ్లాలి. బటన్ నుంచి వచ్చే సన్నటి జంట వైరు మదర్‌బోర్డు అంచున రెండు పిన్నులకి తగిలించి ఉంటుంది. ఆ వైరు తీసి, ఆ రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి వదిలి చూడండి. లేస్తే పాడైంది బటనే. కొందరు బటన్ కొత్తది దొరక్క రీసెట్ బటన్ వైరుని పవర్ పిన్నులకి పెట్టి ఏళ్ల తరబడి వాడుకుంటారు. అందులో తప్పేమీ లేదు.

ఏ లైటూ లేకపోతే ఎస్ఎంపీఎస్‌నే పరీక్షించాలి. ప్లగ్గు తీసి, మదర్‌బోర్డుకి, మిగతా భాగాలకి వెళ్లే వైర్లన్నీ ఊడదీసి, 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో పచ్చ వైరునీ ఏదో ఒక నల్ల వైరునీ పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు ప్లగ్గు పెడితే ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే చాలావరకు పోయినట్టే, లోడు లేనప్పుడు ఫ్యాన్ ఆపేసుకునే మోడల్ అయితే తప్ప. తిరిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు. మల్టీమీటర్ పెడితే పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎర్రదాని మీద 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో పిన్నుల అమరిక, రంగులు పూర్తిగా వేరు. వాటి మీద ఈ ప్రయోగం చేయకండి.

మల్టీమీటర్ ఉంది కదా అని ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. మన 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారాక దాదాపు 325 వోల్టులవుతుంది. ప్లగ్గు తీసేశాక కూడా అది పెద్ద కెపాసిటర్‌లో కొంతసేపు నిలవ ఉంటుంది. ఎస్ఎంపీఎస్ పోతే మార్చుకోవడమే.

కరెంటు సంగతి వచ్చింది కాబట్టి ఎర్తింగ్ గురించి రెండు ముక్కలు. సీపీయూ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందని చాలామంది చెబుతారు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులోని రొదని ఎర్త్‌కి పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఇంట్లో ఎర్త్ లేకపోయినా, మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టినా ఆ కొద్ది కరెంటుకి వెళ్లే దారి లేక డబ్బా మీదే ఉండిపోతుంది. చాలాసార్లు ప్రాణం మీదకి రాకపోవచ్చు. కానీ అలాంటి సిస్టమ్‌లో యూఎస్‌బీ పోర్టులు, మదర్‌బోర్డులు త్వరగా పోతుంటాయి. కొత్త ఎస్ఎంపీఎస్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ చూపించుకోవడం చవక.

ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది

అన్నిటిలోకీ ఎక్కువగా వచ్చేదీ, ఎక్కువ టెన్షన్ పెట్టేదీ ఇదే. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు హోరుమంటాయి, మానిటర్ "నో సిగ్నల్" అని చెప్పి పడుకుంటుంది.

ముందు కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ లోపల లేచే ఉంది, బొమ్మ మాత్రం బయటికి రావట్లేదు. అప్పుడు కేబుల్ సంగతి చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో హెచ్‌డీఎంఐ వైరుని కార్డుకి కాకుండా పైన మదర్‌బోర్డు పోర్టుకి పెట్టడం మామూలే. ముఖ్యంగా ఇల్లు మారినప్పుడు, సున్నం వేయించినప్పుడు అన్నీ పీకి మళ్లీ పెట్టేటప్పుడు జరుగుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంటే దాన్లో సొంత గ్రాఫిక్స్ ఉండవు. మదర్‌బోర్డు మీద పోర్టు కనిపిస్తున్నా అందులోంచి ఏమీ రాదు.

క్యాప్స్ లాక్ కూడా పలకకపోతే బయోస్ తన తనిఖీ పూర్తి చేయలేదని అర్థం. ఈ తనిఖీని పోస్ట్ అంటారు. దీని దగ్గర ఆగితే నేను మొదట చెయ్యి పెట్టేది ర్యామ్ మీదే. మన ఊళ్లలో దుమ్ము ఎక్కువ, వానాకాలంలో తేమ ఎక్కువ, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలి కూడా తోడు. ర్యామ్ అంచున బంగారు రంగులో మెరిసే పిన్నులుంటాయి కదా, వాటికీ స్లాటుకీ మధ్య సన్నటి మురికి పొర చేరితే చాలు. నిన్నటి దాకా పనిచేసింది ఈ రోజు లేవదు. వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చాక ఆన్ చేస్తే ఇలా అయిందని చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు.

ప్లగ్గు తీసేయండి. పవర్ బటన్‌ని పదిహేను ఇరవై సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డు మీద మిగిలిన కరెంటు ఖర్చవుతుంది. సీపీయూ డబ్బా లోహం ఒకసారి ముట్టుకోండి, ఒంటి మీద ఉన్న స్టాటిక్ దిగిపోతుంది. స్లాటు చివర్ల ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కి ర్యామ్ బయటికి తీయండి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్పు ఉంటుంది, రెండోవైపు బలవంతంగా లాగొద్దు. పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరుతో బంగారు పిన్నుల్ని రెండువైపులా మెత్తగా రుద్ది, పొట్టు పూర్తిగా దులిపేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది ఉంటే ఇంకా మంచిది. స్లాటు లోపలికి నోటితో ఊదకండి. ఊపిరితో తేమ కూడా వెళుతుంది. తిరిగి పెట్టేటప్పుడు ర్యామ్ మధ్యలో ఉన్న గాడి స్లాటులోని గుర్తుకి సరిపోయేలా చూసి, రెండు చివరలా బొటనవేళ్లతో టక్కుమనే దాకా నొక్కాలి. బోర్డు విరిగిపోతుందేమో అని భయపడి సగం నొక్కి వదిలేయడం వల్లే ఎక్కువమందికి మళ్లీ నల్ల తెర కనిపిస్తుంది.

రెండు ర్యామ్‌లుంటే ఒక్కటే పెట్టి చూడండి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో చాలావరకు ఒక్క ర్యామ్ అయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టమంటారు. దానితో లేవకపోతే అదే ర్యామ్ వేరే స్లాటులో, తర్వాత రెండో ర్యామ్. ఒకసారికి ఒకటే మార్చాలి. ర్యామ్, కేబుల్, కార్డు మూడూ ఒకేసారి కదిపి సిస్టమ్ లేస్తే, దేనివల్ల లేచిందో మీకు తెలియదు. వచ్చే నెల మళ్లీ ఇదే బాధ.

కొత్తగా డీడీఆర్5 ర్యామ్‌తో సిస్టమ్ కట్టించుకున్నవాళ్లు తొందరపడకూడని చోటు ఒకటుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో ఏ వేగంలో, ఏ సర్దుబాటుతో పనిచేయాలో తానే కొలుచుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, ఆ సేపంతా తెర నల్లగానే ఉంటుంది. ఈలోపు కంగారుపడి బటన్ నొక్కి ఆపితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. లేచి వెళ్లి టీ పెట్టుకోండి.

ర్యామ్‌తో తేలకపోతే బోర్డుని అడగాలి, అది చెబుతుంది. ఈమధ్య వచ్చిన చాలా బోర్డుల మీద సీపీయూ (ఇక్కడ ప్రాసెసర్ అని), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (డిస్‌ప్లే), బూట్ (డిస్కు) అని నాలుగు బుల్లి లైట్లుంటాయి. తనిఖీ ఎక్కడ ఆగిందో అక్కడి లైటు వెలుగుతూ ఉండిపోతుంది. పాత బోర్డులైతే బీప్ శబ్దాలతో చెబుతాయి. ఒక్క చిన్న బీప్ అయితే సాధారణంగా అంతా క్షేమం. ఆగకుండా పొడుగు బీప్‌లు వస్తే చాలాసార్లు ర్యామ్. ఎన్ని బీప్‌లకి ఏ అర్థం అన్నది బయోస్ తయారీదారుని బట్టి మారుతుంది కాబట్టి మీ బోర్డు మాన్యువల్ చూసుకోవాల్సిందే. బోర్డుతో స్పీకర్ రాకపోతే నాలుగు పిన్నుల చిన్న బజర్ విడిగా దొరుకుతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట అడిగితే చేతిలో పెడతారు.

ఆ బజర్‌తో ఒక మంచి పరీక్ష చేయొచ్చు. ర్యామ్‌లన్నీ తీసేసి ఆన్ చేయండి. బోర్డు బీప్‌లతో గొడవ చేస్తే సంతోషించండి. ర్యామ్ లేదని గుర్తించి చెప్పగలిగిందంటే ప్రాసెసర్, బయోస్ చిప్ రెండూ బతికే ఉన్నాయి. ర్యామ్ లేకపోయినా నోరు మెదపకపోతే ప్రాసెసర్‌కి కరెంటు అందుతోందా అని చూడాలి. ప్రాసెసర్ పక్కన పైమూల నాలుగు లేదా ఎనిమిది పిన్నుల వేరే కనెక్టర్ ఒకటి ఉంటుంది. అది వదులైతే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి కానీ ప్రాసెసర్ లేవదు. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే బూడిద రంగు వైరుది కూడా ఇలాంటి కథే. వోల్టేజీలన్నీ నిలదొక్కుకున్నాక ఎస్ఎంపీఎస్ ఆ వైరు ద్వారా "ఇక మొదలుపెట్టొచ్చు" అని చెబుతుంది. అది అందేదాకా బోర్డు ప్రాసెసర్‌ని కదలనివ్వదు. ముసలి ఎస్ఎంపీఎస్ ఆ మాట చెప్పలేక నీళ్లు నమిలితే ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ ఉండదు. ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ఎస్ఎంపీఎస్‌కి క్లీన్‌చిట్ ఇవ్వకూడదనేది అందుకే.

ఇంకా తేలకపోతే సిస్టమ్‌ని ఎముకల దాకా విప్పాలి. మదర్‌బోర్డు, కూలర్‌తో ప్రాసెసర్, ఒక్క ర్యామ్, ఎస్ఎంపీఎస్, మానిటర్. ప్రాసెసర్‌కి సొంత గ్రాఫిక్స్ ఉంటే కార్డు కూడా తీసేయండి. డిస్కులు, డీవీడీ డ్రైవ్, ముందువైపు యూఎస్‌బీ వైర్లు అన్నీ బయటికి. ఒక్క యూఎస్‌బీ పోర్టులో పిన్ను వంగి షార్టయినా మొత్తం సిస్టమ్ లేవకుండా ఆపేస్తుంది. ఎముకలతో లేస్తే, ఒక్కొక్కటి చేరుస్తూ ప్రతిసారీ ఆన్ చేసి చూస్తే దొంగ దొరుకుతాడు. డోరు తీసినప్పుడు బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి చూడండి. బల్లపరుపుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా బోర్డు ముసలిదైపోయినట్టే. 2000ల మొదట్లో తయారైన బోర్డులు ఈ నాసిరకం కెపాసిటర్ల వల్లే ప్రపంచమంతా కుప్పలుగా పోయాయి. అప్పటి సిస్టమ్‌లు కొన్ని స్కూళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఇంకా ఉండొచ్చు. బల్లులు, ఎలుకలు కూడా మర్చిపోకూడదు. వెనక కార్డు స్లాటుకి మూత లేకపోతే అది వాటికి వాకిలి.

ప్రాసెసర్ దానంతటది పోవడం చాలా అరుదు. దీనికి ఈమధ్య మినహాయింపు ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజీకి గురై లోపల అరిగిపోతున్నాయని 2024లో తేలింది. ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) సవరణలు ఇచ్చి, బాక్సులో అమ్మిన ఆ ప్రాసెసర్లకు వారంటీని ఇంకో రెండేళ్లు పొడిగించింది. మీ సిస్టమ్ ఆ తరానిదైతే, తరచూ కారణం లేకుండా ఆగిపోతుంటే బిల్లు వెతికి పెట్టుకోండి.

అక్షరాలు వస్తాయి, విండోస్ రాదు

తెర మీద ఇంగ్లీషు వాక్యం కనబడితే అది శుభవార్త కిందే లెక్క. ఎస్ఎంపీఎస్, ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే పాసైపోయాయి. ఆ వాక్యం ఫొటో తీసుకోండి. చాలామంది చదవకుండానే రీస్టార్ట్ కొట్టేస్తారు.

"ప్రెస్ ఎఫ్1 టు కంటిన్యూ" అంటూ సీమాస్ (బయోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు) పేరు కనబడితే, గడియారం పాత తేదీకి వెళ్లిపోతుంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. 3 వోల్టులది, చేతి గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. గోడ స్విచ్ వేసి ఉంటే గడియారం స్టాండ్‌బై కరెంటుతో నడుస్తుంది. మనకి రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్ ఆపేసే అలవాటు, అది మంచిదే. కాకపోతే ఆ గంటలన్నీ ఈ బ్యాటరీ మీద పడతాయి, అందుకే అది మన ఇళ్లలో త్వరగా అయిపోతుంది. తేదీ తప్పుగా ఉంటే విండోస్ లేచినా బ్యాంకు సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు. ఇంటర్నెట్ పాడైందని సర్వీసువాళ్లకి ఫోన్లు చేసేవాళ్లున్నారు.

అంతకన్నా పెద్ద చిక్కు, బ్యాటరీ పోతే బయోస్‌లో మీరు పెట్టుకున్న సెట్టింగ్‌లు కూడా పోయి, కంపెనీ పెట్టినవి వచ్చేస్తాయి. "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అన్న సందేశం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. కానీ ముందు అన్ని యూఎస్‌బీ పోర్టులూ చూసి పెన్‌డ్రైవ్‌లు, పాత మెమరీ కార్డు రీడర్లు పీకేయండి. బయోస్ వాటిలో విండోస్ కోసం వెతుకుతూ అక్కడే ఆగిపోవచ్చు. అప్పటికీ రాకపోతే ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ పదేపదే నొక్కి బయోస్‌లోకి వెళ్లి, డిస్కు పేరు కనబడుతోందా అని చూడాలి.

పేరు కనబడకపోతే డిస్కుని బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చండి, వేరే పోర్టులో పెట్టండి. బోర్డుకే నేరుగా గుచ్చే ఎమ్.2 ఎస్ఎస్‌డీ అయితే స్క్రూ విప్పి తీసి మళ్లీ పెట్టండి. హార్డ్ డిస్కు టక్ టక్ అని కొట్టుకుంటుంటే అక్కడితో ఆపేయండి. ప్రతిసారి ఆన్ చేయడం వల్ల మిగిలిన డేటా కూడా పోయే ప్రమాదముంది. ఎస్ఎస్‌డీలు ఈ హెచ్చరిక కూడా ఇవ్వవు. నిన్న ఉంటాయి, ఈ రోజు ఉండవు.

పేరు కనబడుతున్నా బూట్ కాకపోతే గొడవ పాత, కొత్త పద్ధతుల మధ్య. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన పాత పద్ధతిలో బయోస్ డిస్కు మొదటి 512 బైట్లు చదివి, అక్కడున్న చిన్న ప్రోగ్రాంకి అప్పగించేది. ఇప్పటి యూఈఎఫ్ఐ పద్ధతిలో డిస్కు మీద దీనికోసమే ఉన్న చిన్న భాగంలోంచి ఒక ఫైలుని తీసి నడుపుతుంది. ఒక పద్ధతిలో ఎక్కించిన విండోస్ రెండో పద్ధతిలో లేవదు. బయోస్‌లో లెగసీ, సీఎస్ఎమ్ (పాతది), యూఈఎఫ్ఐ (కొత్తది) అనే పేర్లతో ఉండేది ఇదే. బ్యాటరీ పోయిన రోజున ఇది మారిపోయి ఉంటే వెనక్కి మార్చండి, విండోస్ దానంతటదే వచ్చేస్తుంది. సాటా మోడ్‌లో ఏహెచ్‌సీఐ, రైడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతులు) ఉన్న చోట కూడా అంతే. అది మారితే నీలి తెర మీద "ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్" అని వస్తుంది. డిస్కుకి ఏమీ కాలేదు, తలుపు మారింది. ఇలాంటి సిస్టమ్‌లకే ఫార్మాట్ కొట్టి డబ్బులు తీసుకుంటారు.

విండోస్ మొదలై మధ్యలో ఆగితే

2024 జులై 19న, మనకి ఉదయం తొమ్మిదిన్నర దాటాక, ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైలులో తప్పు ఉంది. ఆ సంస్థ డ్రైవర్ (విండోస్ లోలోపల నడిచే ప్రోగ్రాం) విండోస్ లేచేటప్పుడే ఆ ఫైలుని చదివి కుప్పకూలేది. రీస్టార్ట్ అయితే మళ్లీ చదివేది, మళ్లీ కూలేది. గంటా ఇరవై నిమిషాల లోపే సంస్థ ఆ ఫైలుని వెనక్కి తీసుకుంది, కానీ అప్పటికే పడిపోయిన యంత్రాలకి అది చాలావరకు అందలేదు. లేస్తేనే కదా ఇంటర్నెట్ ఎక్కేది! శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు ప్రయాణికులకి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు.

ఆ 85 లక్షల యంత్రాల్లో ర్యామ్ బాగుంది, డిస్కు బాగుంది, విండోస్ ఫైళ్లు కూడా బాగున్నాయి. చెడింది ఒక్క ఫైలు. మందు కూడా అంత చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు చెరిపేయడం. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకి తప్పనిసరైన డ్రైవర్లని మాత్రమే లేపుతుంది, బయటివాళ్లని దరిదాపుల్లోకి రానివ్వదు. ఇంట్లో సిస్టమ్ కొత్త ప్రింటర్ సాఫ్ట్‌వేరో, గ్రాఫిక్స్ డ్రైవరో ఎక్కించాక గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయినప్పుడూ దారి ఇదే.

ఎఫ్8 నొక్కితే సేఫ్ మోడ్ వచ్చే కాలం విండోస్ 7తో పోయింది. ఇప్పుడు విండోస్ గుర్తు కనబడి చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాలి. ఇలా వరసగా రెండు మూడుసార్లు చేస్తే, తాను సరిగ్గా లేవలేకపోతున్నానని విండోస్‌కే అర్థమై రిపేర్ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ దాకా వెళితే కావలసినవన్నీ ఉంటాయి. సమస్య అప్‌డేట్ తర్వాత మొదలైతే ముందు అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. లేకపోతే స్టార్టప్ రిపేర్, తర్వాత సిస్టమ్ రీస్టోర్, అప్పటికీ కాకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కి సేఫ్ మోడ్. రీసెట్ దిస్ పీసీ ఆఖరిది. కీప్ మై ఫైల్స్ అని ఎంచుకుంటే ఫైళ్లు ఉంటాయి కానీ మీరు ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న షాపు కంప్యూటర్‌లో అయితే దీని జోలికి పోయే ముందు డేటా బయటికి తీసుకోవాలి.

ఈ మధ్యలో బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) 48 అంకెల రికవరీ కీ అడిగితే ఉలిక్కిపడకండి. కొత్త సిస్టమ్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు, మనకి చెప్పీ చెప్పనట్టుగా డిస్కుకి తాళం పడిపోతుంది. ఆ కీ అదే ఖాతాలో భద్రంగా ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. ఆ ఖాతా ఏ మెయిల్‌తో తెరిచారో గుర్తులేకపోతే మాత్రం నిజంగా కష్టమే. సిస్టమ్ బాగున్నప్పుడే ఆ కీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

డిస్కు నీరసంగా ఉందన్న అనుమానం ఉంటే, విండోస్ తనంతట తాను డిస్కు తనిఖీ మొదలుపెట్టినా, మీరే చెక్‌డిస్క్ నడపాలనుకున్నా ముందు డేటా. వేరే సిస్టమ్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని దానితో బూట్ చేసి, ఫైళ్లు బయటి డిస్కుకి కాపీ చేసుకోవచ్చు. విండోస్ డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుందని ఉబుంటు చెబితే కారణం చాలావరకు ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా ఆగదు. విండోస్ గుండెకాయని డిస్కులో దాచి, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. కాపీకి అది అడ్డేమీ కాదు. కానీ దానివల్ల నిన్నటి చిరాకు ఇవాళ్టికీ వస్తుంది. సిస్టమ్ విచిత్రంగా ప్రవర్తిస్తుంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కన్నా రీస్టార్ట్ కొట్టండి. రీస్టార్ట్‌లోనే అన్నీ మొదటి నుంచి లేస్తాయి.

లేచి, కాసేపటికి ఆరిపోతే

ఇది దాదాపు వేడి సమస్యే. ప్రాసెసర్ ఫ్యాన్‌కి దుమ్ము పట్టి ఆగిపోవడం, కూలర్ ఒక మూల క్లిప్పు ఊడటం, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే థర్మల్ పేస్టు ఎండిపోవడం. బయోస్‌లోకి వెళ్లి ఊరికే కూర్చుని ప్రాసెసర్ వేడి చూడండి. ఏ పనీ చెప్పకుండానే అంకె 80, 90 డిగ్రీల వైపు పరుగెత్తుతుంటే అదే. కూలర్ విప్పి, పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాలి. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది.

ఎంత దాకా ఖర్చు పెట్టాలి?

ఎస్ఎంపీఎస్, ర్యామ్, బ్యాటరీ, ఎస్ఎస్‌డీ అయితే మార్చుకోండి, సందేహం లేదు. మదర్‌బోర్డు పోయిందని తేలితే లెక్క మారుతుంది. పాత బోర్డుకి సరిపోయేది కొత్తగా దొరకడం కష్టం. సెకండ్‌హ్యాండ్‌ది పెట్టిస్తే అది ఎన్నాళ్లుంటుందో పెట్టినవాడికే తెలియదు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైవే అధికారికంగా పనికొస్తాయి. ఆరో తరం, ఏడో తరం సిస్టమ్‌కి బోర్డు మీద డబ్బు పోయడం నాకైతే సబబుగా అనిపించదు. డిస్కు మాత్రం షాపులో వదిలేసి రాకండి. సాటా డిస్కుని యూఎస్‌బీకి మార్చే చిన్న కేస్ కొని అందులో పెట్టుకుంటే మీ ఫొటోలు, ఫైళ్లు ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి. బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలు ఇక్కడా అడుగుతుంది.